రెడ్ దగ్గర ఆగిన అంతరిక్ష నౌక

పోయిన ఆదివారం మా అమ్మ పాత ఇనప సామాన్లవాణ్ణి గేటు దగ్గర నిలబెట్టి, మెట్ల కిందనుంచి నాన్న లైన్ బాక్సుని ఈడ్చుకొచ్చింది. లైన్ బాక్సంటే రైలు డ్రైవర్లు డ్యూటీకి పట్టుకెళ్ళే నల్లటి ఇనప పెట్టె. మా చిన్నప్పుడు అది గుమ్మం పక్కన ఉంటే నాన్న ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే బండి మీద ఉన్నట్టు. ఇప్పుడు నాన్న రోజంతా ఈ హిందీ ఊళ్ళో, కుదుదండ్‌లో నా ఇంట్లోనే ఉంటాడు, పెట్టె మాత్రం తుప్పు పట్టి బొద్దింకలకి క్వార్టరైంది. “ఇచ్చీవే బుజ్జీ, ఇంకే డూటీకెల్తాడేటి ఈయన?” అంది అమ్మ. ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని మూత తీశాను. ఒక టార్చిలైటు, గుడ్డలో చుట్టిన పానాలు, మడతపెట్టిన ఎర్ర జెండా, ఆకుపచ్చ జెండా ఉన్నాయి. రెండు జెండాల మధ్య, పట్టుచీరలో నగ దాచినంత భద్రంగా, ఒక కంప్యూటర్ సీడీ ఉంది.

చూడగానే గుర్తుపట్టాను. దాని మీద మా అన్నయ్య సూరిబాబు మార్కర్ పెన్నుతో తన పేరు అడ్డంగా రాసుకున్నాడు, తనే తయారుచేసినట్టు. అందులో ఉన్నది ఒక ఆట. పాడుబడిన అంతరిక్ష నౌక, అందులో చిక్కుకుపోయిన ఒక సైనికుడు, వాణ్ణి పీక్కుతినడానికి గోడల్లోంచి ఊడిపడే వింత జంతువులు. సైనికుడు మనకి కనిపించడు. తెర కింద వాడి చెయ్యి, చేతిలో తుపాకీ మాత్రం కనిపిస్తాయి. నడిచేదీ కాల్చేదీ మనమే, చివరికి చచ్చేదీ మనమే. ఈ సీడీ మాయమైనప్పుడు నేను పన్నెండో క్లాసులో ఉన్నాను. అన్నయ్యే హాస్టల్‌కి పట్టుకుపోయాడని తీర్పిచ్చేశాను. వాడు కాదంటే నమ్మలేదు. వాడి పెళ్ళిలో, పెళ్ళికూతురి మేనమామ వింటుండగా, “మా వాడి చేతికేదైనా ఇస్తే వెనక్కి అడిగి పుచ్చుకోండి” అని కూడా అన్నాను. ఇప్పుడు నేను లాయర్ని, రోజూ బోద్రీ వెళ్ళి కోర్టులో సాక్ష్యాల గురించి గంటలకొద్దీ వాదిస్తాను. సాక్ష్యం లేకుండా శిక్ష వేసిన మొదటి కేసు మాత్రం ఇదే.

అన్నయ్య మీద జాలిపడనక్కర్లేదు. తాడిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాడి వంశం వాడిది. ఇంజనీరింగ్‌కి కావాలని ఏడ్చి, మా రైల్వే కాలనీలో అందరికంటే ముందు కంప్యూటర్ కొనిపించాడు. అది వచ్చిన రోజు అమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఆ నీళ్ళు కీబోర్డులో పడ్డాయి. అప్పటినుంచి ఒక అక్షరం నొక్కితే రెండు పడేవి. ఆ కంప్యూటర్ మీద వాడు చేసిన ఇంజనీరింగ్ అంతా వింత జంతువుల్ని చంపడమే. నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. “ముట్టుకోకే, పాడైపోద్ది, ఆడపిల్లలకి అర్థం కాదు” అనేవాడు. వాడు ఎనిమిదో గది దాటలేక రోజూ అక్కడే చచ్చేవాడు. రాయపూర్ హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు. పాస్‌వర్డ్ వాడి పేరే. వాడికి తన పేరుకంటే ముద్దొచ్చే మాట ఇంకోటి తట్టదని నాకు తెలుసు. వాడు బస్సెక్కిన సాయంత్రమే నేను తొమ్మిదో గదిలో ఉన్నాను.

మా క్వార్టర్లో ఆట ఆడటం ఇప్పటి పిల్లలు ఆడినట్టు కాదు. డ్రైవర్ల ఇళ్ళల్లో పగలే రాత్రి. నాన్న బొగ్గు బండి తోలుకుని పొద్దున్నే వస్తే, అమ్మ కిటికీలకి పాత దుప్పట్లు కట్టేసేది. ఇంటినిండా ఆయన బూట్ల వాసన, ఇంజన్ గ్రీజు వాసన, వాటి మీద అమ్మ పోపు వాసన. కుక్కర్ కూత వెయ్యకుండా దాని నెత్తి మీద తడిగుడ్డ వేసి పట్టుకునేది. తుమ్మొస్తే పెరట్లోకి పరిగెత్తేవాళ్ళం. అలాంటి ఇంట్లో కంప్యూటర్‌కి గొంతుండటమా? అమ్మ స్పీకర్ల తీగలు ఊడపీకి బియ్యం డబ్బాలో దాచింది. అందుకని నా అంతరిక్ష యుద్ధం అంతా మూగగా జరిగింది. గ్రహాలు బద్దలైనా మా ఇంట్లో ఆవాలు చిటపటలాడినంత చప్పుడు కూడా రాలేదు. ఆ జంతువులు గర్జిస్తాయని, ఆ సైనికుడు దెబ్బ తగిలితే మూలుగుతాడని నాకు చాలా ఏళ్ళదాకా తెలీదు. అవి పాపం ఆవులిస్తున్నాయనుకునేదాన్ని.

ఇప్పుడు నా కొడుకు నిఖిల్ ఆడతాడు. వాడి చెవుల మీద పెసరట్లంత హెడ్‌ఫోన్లు, ముందు రంగురంగుల దీపాలు వెలిగే కీబోర్డు, తెర మీద మళ్ళీ అదే అంతరిక్షం, అదే తుపాకీ. జంతువుల చర్మం మీద చెమట బిందువులు కూడా కనిపిస్తాయి. ఎక్కడెక్కడి పిల్లలతోనో హిందీలో గొడవపడుతూ ఆడతాడు. “అరే యార్, పీఛే దేఖ్ నా, పీఛే!” అని వాడు అరిస్తే వీధిలో వెళ్ళేవాళ్ళు వెనక్కి చూసుకుంటారు. తెలుగు బోర్డు చదవమంటే తలనొప్పి వస్తుందంటాడు. అన్నానికి పిలిస్తే వినపడదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, కాకపోతే ఈ చెవుడు మేమే కొనిచ్చాం.

సీడీ కథకి వస్తాను. ఆ ఏడు నాన్నకి డ్రైవర్లందరికీ చేసే కంటి పరీక్ష దగ్గరపడింది. అది గట్టెక్కితే మళ్ళీ బండి, లేకపోతే డ్రైవర్ పని పోయి ఏదో ఆఫీసు మూల. మా కాలనీలో ఆ పరీక్షంటే పెద్దవాళ్ళకి చలిజ్వరం వచ్చేది. ఒకాయన పొద్దున్నే గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిచేవాడు. ఇంకొకాయన అరికాళ్ళకి ఆముదం రాసుకునేవాడు. మా అమ్మ నమ్మకం పొన్నగంటి కూర మీద. గోల్ బజార్ అంతా తిరిగి, ఆ కూర పేరు అక్కడివాళ్ళకి చెప్పలేక ఆకు చూపించి మరీ తెచ్చి, పప్పులో ఒకరోజు, వేపుడు ఒకరోజు, మూడో రోజు పులుసులో వేసేది. కళ్ళకి మంచిదని ఇల్లంతా తిన్నాం. మా కళ్ళు ముందే బాగున్నాయి కాబట్టి దాని మహిమ మాకు తెలియలేదు. నాన్న మాత్రం పేపరు చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, “ఈమధ్య పేపరోళ్ళు సిరా తక్కువేస్తున్నారు” అనేవాడు.

పరీక్షకి ముందు ఆయనకి కొన్నాళ్ళు సెలవు దొరికింది. ఇంట్లో కూర్చోవడం ఆయనకి రాదు. కూరగాయల సంచి సర్దుతాడు, మళ్ళీ సర్దుతాడు. ఒక మధ్యాహ్నం నన్ను తిట్టడానికే గదిలోకి వచ్చాడు.

“పరీక్షలెట్టుకుని ఏటే ఈ తుపాకులాట? ఆడపిల్లవేనా?”

తెర మీద పొడుగాటి చీకటి దారి ఉంది. దాని చివర తలుపు మీద ఒక చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. నాన్న తిట్టు మధ్యలో ఆపి, కుర్చీ లాక్కుని నా ఎడమపక్కన కూర్చున్నాడు. “అదేటది? సిగ్నలా?” అన్నాడు. తలుపు దీపం నాన్నా అన్నాను. “సిగ్నలే,” అని తేల్చేశాడు. ఇంజన్లో ఒక పద్ధతుంది. సిగ్నల్ కనపడగానే డ్రైవరు, పక్కనున్న అసిస్టెంటు ఇద్దరూ చెయ్యి చాచి దాని రంగు పైకి పలకాలి. ఒకరు పలికింది రెండోవారు తిరిగి పలకాలి. పలకని సిగ్నల్ చూడని సిగ్నల్‌తో సమానం. ఆ పూటనుంచి నేను డ్రైవర్ని, ఆయన నాకు అసిస్టెంటు. ఎన్నో ఏళ్ళ సర్వీసున్న డ్రైవరు కూతురి పక్కన అసిస్టెంటుగా దిగిపోవడం విడ్డూరమే, కానీ ఆయన మొహంలో అలాంటిదేమీ కనపడలేదు. అంతదూరంలో దీపాన్ని చూస్తూ ఉంటే కళ్ళకి సాధన అవుతుందని ఆయన ఆలోచన. డాక్టర్లు కంప్యూటర్ చూస్తే కళ్ళు పోతాయంటారు, మా నాన్న కళ్ళ కోసం కంప్యూటర్ చూశాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆయన పక్కన చేరాక నా యుద్ధం నాశనమైంది. ఆ ఆటలో ఆకుపచ్చ దీపాల తలుపుల వెనక వట్టి గదులే, ఎర్ర దీపం ఉన్న తలుపే తెరవాలి, అవతలే అసలు దారి. నాన్న తెరవనిస్తే కదా. “రెడ్ దాటేస్తావేటే? ఉజ్జోగం పోద్ది!” ఆకుపచ్చ పడేదాకా ఆగాల్సిందే. అది పడదు నాన్నా అంటే, అలాంటప్పుడు కాసేపు ఆగి, హారన్ కొట్టి, మెల్లిగా ముందుకి పోనివ్వాలి, అదీ రూలు అన్నాడు. ఆ సైనికుడికి హారన్ లేదు. అందుకని తుపాకీ ఒకసారి పైకి పేల్చి, వృద్ధురాలు రోడ్డు దాటినట్టు లోపలికి నడిచేదాన్ని. ఈలోగా వెనకనుంచి వచ్చే జంతువులకి రైల్వే రూళ్ళు తెలియవు. అవి నన్ను చక్కగా పీక్కుతినేవి. వాటిని కాలుద్దామంటే దానికీ ఒప్పుకునేవాడు కాదు. ట్రాక్ మీదికి ఏది వచ్చినా ఆయన దృష్టిలో గేదే. “గేదొచ్చింది, బ్రేకెయ్, బ్రేకెయ్. కొట్టీకు, రిపోర్టు రాయాల.” ఆరు కాళ్ళు, పచ్చటి చొంగ ఉన్న ఆ రాక్షసుణ్ణి మేం ఇద్దరం మర్యాదగా ఆగి దాటనిచ్చేవాళ్ళం. అది మర్యాద చూపించేది కాదు. లోకంలో ఇంకెవరూ ఆ ఆటని అలా ఆడి ఉండరు.

నవ్వుకుంటూనే ఆడాను. మధ్యాహ్నాలు బాగుండేవి కూడా. దుప్పట్లు కట్టిన చీకటి గది, అమ్మ పళ్ళెంలో పెట్టిచ్చిన జంతికలు, నా పక్కన మొదటిసారి నిద్రపోకుండా కూర్చున్న నాన్న. నేను ‘రెడ్’ అనేదాన్ని. ఆయన చెయ్యి చాచి ‘రెడ్’ అనేవాడు. నేను ‘గ్రీన్’ అంటే ఆయనా ‘గ్రీన్’ అనేవాడు. గొంతు గంటలా మోగేది. “చూసావా, ఒక్కటీ తప్పనేదు. పొన్నగంటి కూరే మరి,” అనేవాడు. వంటింట్లోంచి అమ్మ, “మరి నాను సెప్తే నవ్వేరు కదా,” అనేది.

జంతికే పట్టిచ్చింది. ఒకరోజు నోటినిండా జంతిక ఉంది, దారి చివర దీపం వెలిగింది. నమలడం పూర్తయ్యాక పలుకుదామని ఊరుకున్నాను. నాన్న కూడా ఊరుకున్నాడు. తెరవైపే చూస్తున్నాడు, కళ్ళు చికిలించి, మెడ ముందుకి పెట్టి. నేను మింగి ‘గ్రీన్’ అనగానే ఆయన చెయ్యి లేచింది. నాకు నవ్వాగిపోయింది. మళ్ళీ ఒకసారి కావాలనే నోట్లో జంతిక పెట్టుకున్నాను. మళ్ళీ ఆయన మాటాడలేదు. “ఏటే, సిగ్నల్ పలకవేటి?” అని నన్నే గదమాయించాడు. ఆయనెప్పుడూ ముందు పలకలేదని అప్పుడు తట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఎర్ర దీపం ముందు నిలబడి, గట్టిగా, స్పష్టంగా, “గ్రీన్” అన్నాను. నాన్న చెయ్యి చాచాడు. “గ్రీన్,” అన్నాడు. అదే గంటలాంటి గొంతు, అదే నిటారు చెయ్యి. తండ్రికి అలా అబద్ధం చెప్పి పరీక్ష పెట్టడం తప్పని కొందరు అంటారు. అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

“ఆపీసావేటి? గ్రీన్ కదా, పోనీ,” అన్నాడు.

“రెడ్, నాన్నా.”

ఆయన కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి మొహం పెట్టి చూశాడు. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వెళ్ళాడు. అక్కడనుంచి కనపడే ఉంటుంది. వెనక్కొచ్చి కూర్చుని, దుప్పటి కట్టిన కిటికీవైపు చూస్తూ, “మా అసిస్టెంటు కుర్రోడు గట్టిగానే పలుకుతాడే. మంచోడు,” అన్నాడు.

అంటే ఎన్నాళ్ళనుంచో బొగ్గు బండి ఆ కుర్రాడి గొంతు పట్టుకుని నడుస్తోంది. పక్క లైన్లో ఎదురుగా ప్యాసింజర్లు వస్తాయి. వాటిలో కిటికీ దగ్గర కూర్చుని పల్లీలు తినేవాళ్ళుంటారు. నాకు భయం, కోపం రెండూ వచ్చాయి. “ఆ అబ్బాయి తప్పు పలికితేనో? ఒక్కరోజు కునుకు పడితేనో?” అన్నాను. మా ఇంట్లో నాన్నతో అలా ఎవరం మాటాడలేదు. అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“గుంటకి నోరు సూడు,” అంది అమ్మ, కానీ గొంతులో తిట్టు లేదు.

నాన్న లేచి యూనిఫాం తొడుక్కున్నాడు. “పరీచ్చకింకా టైముంది కదా,” అంది అమ్మ. “ఇప్పుడే ఎల్లి సెప్పీస్తాను. రేపైతే నాను ఎల్లనేను,” అన్నాడు. స్కూటర్ తాళం మేకుకే ఉంది. ఆయన నడిచి వెళ్ళాడు.

కళ్ళల్లో పొరలు ముదిరాయన్నారు రైల్వే డాక్టర్లు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది గానీ, ఇక మెయిన్ లైన్ మీద బండి ఇవ్వరని తేలింది. డ్రైవర్లని డ్యూటీకి పిలిచే ఆఫీసులో ఒక కుర్చీ ఇచ్చారు. తన బండిని ఇంకొకరికి అప్పగిస్తూ సంతకాలు తీసుకునే పని. డ్రైవర్లకి ఆఫీసు కుర్చీ అంటే ఎంత చిన్నతనమో మా కాలనీలో పుట్టినవాళ్ళకే తెలుసు. బూట్ల వాసన పోయింది, కిటికీలకి దుప్పట్లు పోయాయి, స్పీకర్లు బియ్యం డబ్బాలోంచి బయటికొచ్చాయి. ఇల్లంతా చప్పుడు చెయ్యొచ్చు, ఎవరికీ చెయ్యబుద్ధి పుట్టలేదు.

చప్పుడు చేసింది కాలనీ. మధ్యాహ్నాలు తండ్రీకూతుళ్ళు కంప్యూటర్ ముందు కూర్చునేవారని పక్క క్వార్టర్‌కి ఎలాగో తెలిసింది. ఇంకేం, ఆ పిల్ల ఆటలు ఆడించి ఆడించి బంగారంలాంటి డ్రైవరు కళ్ళు పోగొట్టిందని తేల్చారు. ఒకావిడ మా అమ్మతో నా ఎదురుగానే, “అచ్ఛా, ఆడపిల్లకి తుపాకులిస్తే ఇలాగే అవుద్ది కదమ్మా” అంది. అప్పటిదాకా కొడుకులకి కంప్యూటర్ కావాలని మొగుళ్ళని సతాయించినవాళ్ళు దానికి గుడ్డ కప్పి తాళం వేశారు. అరికాళ్ళకి ఆముదం రాసుకునే ఆయన నన్ను చూస్తే కళ్ళు మూసుకునేవాడు. నాన్న ఒక్కసారి కాదంటే సరిపోయేది. అనలేదు. ఆ వారంలోనే, అన్నయ్య ఇంటికొచ్చి వెళ్ళాక, సీడీ కూడా పోయింది, అది లేకపోతే ఆట తెరుచుకోదు. కళ్ళు పోగొట్టిన పిల్ల అనే పేరు మిగిలింది, ఆట మిగల్లేదు. ఆ పేరు రావడానికి నాన్న, సీడీ పోవడానికి అన్నయ్య కారణమని నేను లెక్క కట్టుకుని చాలా ఏళ్ళు ఇద్దరి మీదా కోపంగా ఉన్నాను.

ఇన్నేళ్ళకి అది రెండు జెండాల మధ్య దొరికింది. సామాన్లవాణ్ణి పంపించేసి, సీడీ పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్ళాను. వరండాలో పేపరు చదువుతున్నాడు, ఇప్పుడు మామూలు దూరంలోనే పట్టుకుని.

“ఇదేంటి నాన్నా?”

కోర్టులో ముద్దాయిలు కొందరు అడగగానే ఒప్పుకుంటారు, ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నట్టు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“పారేద్దునా అనుకున్నాను. సెయ్యాడనేదే. నీతో తోలిందే కదా నా ఆఖరి బండి.”

మెత్తబడటం నాకు నచ్చదు కాబట్టి వెంటనే కోపం తెచ్చుకున్నాను. “మరి నావల్లే కళ్ళు పోయాయని అందరూ అంటుంటే కాదనలేదేం?”

“కాదంటే? కళ్ళు కనపడకండానే అన్నాళ్ళు తోలాడని తెలిసిపోద్ది కదా,” అన్నాడు. పేపరు మడత పెట్టాడు. “నీకేటి, సిన్నపిల్లవి, పెళ్ళైపోతే ఆ పేరు పోద్ది అనుకున్నాను. నాకా పేరొస్తే పోదు.”

చాలా పెద్ద తప్పుని ఇంత చిన్న మాటల్లో ఒప్పుకున్న మనిషిని నేను బోద్రీలో చూడలేదు. క్షమించానా అంటే, తెలీదు. ఆయన పరువుకి నా పేరు అడ్డం పెట్టుకున్నాడు, ఆ పరువు పోగొట్టుకోవడానికి తనంతట తనే నడిచి కూడా వెళ్ళాడు. రెండూ ఒక మనిషే చేశాడు. అన్నయ్యకి ఫోన్ చేసి సీడీ దొరికిందన్నాను. వాడు పెళ్ళినాటి మాట వెనక్కి తీసుకోమన్నాడు. నెట్‌వర్క్ లేదని పెట్టేశాను.

సీడీ నిఖిల్‌కి ఇచ్చి, పెట్టు చూద్దాం అన్నాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, “యే కహాఁ లగేగా మమ్మీ?” అన్నాడు. నిజమే, ఎక్కడ పెడతాడు, వాడి కంప్యూటర్‌కి సీడీ దూర్చే నోరే లేదు. అన్నన్ని దీపాలున్న యంత్రానికి మా నాన్న ఆఖరి బండి నడపడం చేతకాదు. వాడు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తన యుద్ధంలోకి వెళ్ళిపోయాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. కాసేపటికి కుర్చీ లాగిన చప్పుడైంది. తొంగి చూస్తే, నాన్న మనవడి ఎడమపక్కన కూర్చుని ఉన్నాడు.

తెర మీద పొడుగాటి దారి, దాని చివర ఎక్కడో ఒక చుక్కంత దీపం. నిఖిల్ ఇంకా చూడలేదు. నాన్న చెయ్యి చాచాడు.

“రెడ్,” అన్నాడు.

ఎవరూ పలికించలేదు. ఎవరి గొంతు కోసమూ ఆగలేదు. మనవడికి వినపడలేదు, అటు ఎవరితోనో దెబ్బలాడుతున్నాడు. నాన్న చెయ్యి దించలేదు. రెండోవారు తిరిగి పలికేదాకా దించకూడదు. నేను గరిటె పక్కన పెట్టి, గుమ్మంలోకి వచ్చి, ఊరికే నమ్మకుండా తెరవైపు కళ్ళు పెట్టి చూశాను. ఎర్రదే.

“రెడ్,” అన్నాను.

నాన్న చెయ్యి దించాడు.